లావు చప్పుడు

ఫ్రిజ్ ఆగిపోయింది. అది ఇంతసేపూ మోగుతూ ఉందన్న సంగతి ఆగాక కదా తెలిసింది. ఫ్యాను పోయింది, లైటు పోయింది, వాటి సంగతి సరే, అవి కంటికి కనిపించేవి. ఈ ఫ్రిజ్ మాత్రం మూల నుంచి సన్నగా మూలుగుతూ ఏళ్ళ తరబడి నా చెవిలోనే కాపురం ఉన్నట్టుంది, నాకు చెప్పకుండా. ఇలాంటి చప్పుళ్ళు మన చుట్టూ ఇంకెన్ని ఉన్నాయో. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను, ఎదురుగా నా బాక్సు. మోకాలెత్తు, నల్లరంగు ఇంకా వేలికి అంటుతోంది, ముందువైపు పెద్ద పళ్ళెమంత స్పీకరు. వైరు గోడ ప్లగ్గు దాకా వెళ్ళింది, స్విచ్ వేసే ఉంది. చివరి వైరు అతికించి, ఇక మోగడమే తరువాయి అనుకున్న క్షణంలో కరెంటు పోయింది. బయట గాలివాన. పర్ణశాల దారి చీలే చోట చెట్టుకొమ్మ లైను మీద పడిందట. మా ఆయన పర్వేజ్ తడిసి ముద్దయి వచ్చి చెప్పాడు. "లైన్‌మెన్ వచ్చిండు, కొమ్మ కొడ్తుండ్రు. జల్దీనే అయితది తియ్." జల్దీ అంటే ఎంత జల్దీ? సాయంత్రం ఖమ్మం బస్సు కన్నా ముందేనా? ఆ బస్సులో నాయన వెళ్ళిపోతున్నాడు.

వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు నాయన. పక్కన సంచీ. నాలుగు లుంగీలు, టోపీ, మందులు, కుట్టుసూదుల డబ్బా. చూడటానికి పోయేవాడు సూదుల డబ్బా పెట్టుకుంటాడా? ఉండటానికి పోతున్నాడు, బోనకల్‌లో మలికా అత్త ఇంటికి, అంటే తన చెల్లెలి ఇంటికి. పొద్దున నేను ఎందుకని అడిగితే చేత్తోనే చెప్పాడు. చెవి పట్టుకుని తల అడ్డంగా ఊపాడు, తర్వాత బోనకల్ వైపు చూపించి, అరచేతిని గాలిలో నిదానంగా, పొడుగ్గా జరుపుకుంటూ పోయాడు. రైలు. నవ్వాడు కూడా. నాకు ఒళ్ళు మండింది. కూతురి ఇల్లు వదిలి గూడ్సుబండి దగ్గరికి కాపురం పోతాడట. అమ్మ పోయాక ఈ ఇంట్లో మాట్లాడేవాడంటూ ఉండేది ఈయనే, నేనూ పర్వేజూ పరుపుల దుకాణం గొడవలో పడి ఉప్పు, పప్పు తప్ప మాట్లాడుకోం. చర్ల రోడ్డు మీద మా నాయన జహూర్ అంటే తెలియని ఊరు లేదు. పరుపులు కుట్టే జహూర్. అంతకు ముందు, విల్లు భుజాన వేసుకుని గడప గడపకూ తిరిగి దూదేకిన జహూర్. చెక్క గుబ్బతో తీగను కొడుతూ, ఆ టుంయ్‌టుంయ్‌కి ఆగకుండా కబుర్లు చెబుతూ, ఒక దిండు దూది ఏకేలోపు ఆ ఇంటి పుట్టుపూర్వోత్తరాలు అన్నీ లాగేవాడట. విల్లు పోయి దూదేకే మిషను వచ్చింది. మిషను మోతలోనూ మాట మానలేదు, గొంతు పెంచాడంతే. ఆ మిషను కొంచెం కొంచెంగా చెవులు తినేసింది. ముందు పిట్టలు పోయాయట, తర్వాత నా గాజులు, తర్వాత నేను.

మాట మాత్రం అప్పుడే పోలేదు. మాట పోయింది వైరాలో. మా దూరపు చుట్టం ఒకాయన చనిపోతే వెళ్ళాం. వాకిట్లో జనం, అంతా తలలు దించుకుని ఉన్నారు, ఎవరూ దగ్గడం కూడా లేదు. నాయన పర్వేజ్ వైపు వంగి, తన లెక్కన చెవిలో గుసగుసగా ఒక మాట అన్నాడు. "బతికినన్నాళ్ళు పెండ్లాన్ని తిప్పలు పెట్టిండు. ఇప్పుడు చూడు, ఎంత మంచోని లెక్క పండుకున్నడో." అది వీధి చివరి దాకా వినిపించి ఉంటుంది. అందరూ తిరిగి చూశారు. ఆయన భార్య కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది, భుజాలు ఊగాయి, ఏడ్చిందో నవ్విందో ఇప్పటికీ నాకు తెలియదు, తెలుసుకోవాలని మాత్రం ఉంది. ఎవరో "ముసలాయన్ను బయటికి తీస్కపోండ్రి" అన్నారు. నాయనకు మాట వినపడలేదు కానీ ముఖాలు కనపడ్డాయి. తిరుగు బస్సులో నా చెయ్యి పట్టుకుని అన్నాడు, "నా గొంతు నా చేతుల లేదు బిడ్డా. నాకే ఇనపడని గొంతుతోని ఇంకేం మాట్లాడాలె?" అంతే. రంజాన్ వెళ్ళింది, బక్రీద్ వెళ్ళింది, మళ్ళీ నోరు తెరవలేదు. చెవి మిషను పెట్టించాం. గిన్నెల చప్పుడు బాణాల్లా దూసుకొస్తోందని సైగ చేసి, తీసి అగ్గిపెట్టెలో పెట్టాడు. ఎండాకాలం అడవి ఊరి నుంచి బూరుగుదూది తెచ్చే ఆదెమ్మతో ఆమె భాషలోనే బేరం ఆడి, ఆమె భాషలోనే వేళాకోళం చేసేవాడు, ఈ ఏడాది వేళ్ళు చూపించి ఊరుకున్నాడు. ఆదెమ్మ నన్ను పక్కకు పిలిచింది. "మీ నాయన నా మీద అలిగిండా?" నేను చెవులు చూపించాను. ఆమె "అయితే పండుగకు మా ఊరు తీస్కరా, డోలు ముందల కూసోబెడ్త" అంది. నవ్వుకున్నాను అప్పుడు. పోయిన నెల బోనకల్ వెళ్ళొచ్చాక నవ్వు రాలేదు.

వాన తగ్గుతున్నట్టుంది. రేకు మీద చప్పుడు పలచబడింది. ఈ చప్పుడు నాయనకు వినిపిస్తుందా? రేకు మీద చినుకు సన్నం, పోయి ఉంటుంది. ఉరుము లావు, ఉండి ఉంటుంది. నెల రోజులుగా నాకిదే పని, ప్రతి చప్పుడునూ సన్నమా లావా అని తూకం వేయడం. పోపు చిటపట సన్నం. రోకలి లావు. కుక్కర్ కూత సన్నం, ఇసుక లారీ లావు. బోనకల్‌లో అత్త ఇల్లు స్టేషను వెనకే. ఆ రోజు అక్కడ అన్నం తింటున్నాం. నాయన ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. తల కొంచెం పక్కకు వంచాడు. ఏమైందా అని చూస్తే ముఖం మీద ఎంతో కాలంగా లేనిదేదో ఉంది, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు. మాకెవరికీ ఏమీ వినపడలేదు. ఇంకాసేపటికి గ్లాసులో నీళ్ళు వణికాయి, ఆ తర్వాత వచ్చింది బొగ్గు బండి. మా కన్నా ముందు విన్నాడు! చెవులున్న మా కన్నా! ఆ పూటంతా వెనక గోడ దగ్గరే కూర్చున్నాడు. ప్యాసింజరు బండి వస్తే పట్టించుకోడు, గూడ్సు వస్తే లేచి నిలబడతాడు. అత్త మురిసిపోయి, "అన్నా, నా దగ్గర్నే ఉండు" అంది, అదిగో ఆ ముక్క మాత్రం చక్కగా అర్థమయింది ఈయనకు.

బోనకల్ నుంచి వచ్చాక, ఖమ్మంలో చెవుల డాక్టరు వినికిడి పరీక్ష చేసి ఇచ్చిన గీత మళ్ళీ తీసి చూశాను. ఎడమ చివర కొంచెం ఎత్తులో మొదలై, కుడికి పోయేకొద్దీ బావిలోకి దిగిపోతుంది. "లో సౌండ్స్ కొంచెం ఉన్నయమ్మా, గట్టిగొస్తే తెలుస్తయి. మాటలకైతే అవి సరిపోవు" అన్నాడు. కొంచెం అంటే ఎంత అని అడిగాను. ఆయన అప్పటికే తర్వాతి మనిషిని పిలిచాడు. నాకు చిన్నప్పటి నుంచీ ఇదే జబ్బు, ఏదైనా మోగితే ఎందుకు మోగుతోందో విప్పి చూడాలి. రేడియో విప్పాను, మిక్సీ విప్పాను, పెళ్ళయిన కొత్తలో పర్వేజ్ వాళ్ళ గోడగడియారం విప్పి మళ్ళీ కూర్చలేక అత్తగారి చేత మాట పడ్డాను. చప్పుడంటే గాలి ఊగడమే. గబగబా ఊగితే సన్నం, నిదానంగా ఊగితే లావు. నిదానంగా ఊపాలంటే బోలెడంత గాలిని తొయ్యాలి, అందుకే ఫోను స్పీకరు అంత చిన్న నోటితో ఎంత అరిచినా లావు చప్పుడు రాదు. దానికి పెద్ద స్పీకరు కావాలి, దాని వెనక పెట్టె కావాలి, దాన్ని ఊపడానికి ఆంప్లిఫయర్ బోర్డు కావాలి. కొత్తది కొందామని వెళితే షాపులో చెప్పిన ధరకు పర్వేజ్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "గా పైసలతోని గూడ్సుబండే కొనుక్కరావచ్చు" అన్నాడు. అయితే నేనే చేస్తా అన్నాను. పంతానికి అన్నానా, సరదాకా? రెండూనేమో. చేసి చూడకపోతే నిద్ర పట్టదని మాత్రం తెలుసు.

ఖమ్మంలో పాత ఇనుపసామాన్ల కొట్టులో దొరికింది స్పీకరు, నుజ్జయిన కారు డిక్కీలోంచి తీసింది. అయస్కాంతం ఎంత బరువో, బస్సులో ఒళ్ళో పెట్టుకుంటే నా గొలుసు దానికి అతుక్కుపోయింది, అప్పుడే తెలిసింది అది అసలు బంగారం కాదని, పుట్టింటివాళ్ళు పెట్టిందే, నాయనతో ఆ సంగతి తర్వాత తేల్చుకోవాలి, మాట్లాడితే కదా తేల్చుకునేది. స్పీకరు అట్ట బాగానే ఉంది కానీ చుట్టూ అంచు స్పాంజి పొడిపొడిగా రాలిపోయింది. ఆ అంచు మెత్తగా ఉండాలి, గాలి పోనివ్వకూడదు. పాత గొడుగు గుడ్డ గుండ్రంగా కత్తిరించి, రబ్బరు గమ్ము పూసి ఆరబెట్టి, మళ్ళీ పూసి అతికించాను. వేలితో నొక్కితే లోపలికి వెళ్ళి మెల్లగా వెనక్కొచ్చింది. ఆ వెనక్కి రావడం చూసి నాకు ఎంత సంతోషమో, ఒక్కదాన్నే కూర్చుని ఎన్నిసార్లు నొక్కానో. పెట్టెకు తలుపులు చేసే గోపాలన్న దగ్గర మిగిలిన మందపాటి ప్లైవుడ్ ముక్కలు. కీళ్ళన్నీ గమ్ము పట్టించి, చీమ దూరకుండా బిగించమన్నాను. బిగించాడు. తర్వాత ముందు పలకకు కింద బోరు గొట్టమంత బెజ్జం కొట్టమన్నాను. ఆయన సుత్తి కింద పెట్టాడు. "గాలి పోవద్దని గింత పక్కా బిగిస్తిమి. మళ్ళ గీ తూటు ఏందమ్మా, ఎలుకలకా?" "గాలి పోవుటానికే గోపాలన్నా." "అయితే బిగిచ్చుడు ఎందుకు?" నిజమే, ఎందుకు?  ఇంటికొచ్చి ఖాళీ సీసా మూతి మీద ఊదుతూ కూర్చుంటే అర్థమయింది. ఎటు పడితే అటు పోతే అది తుస్సుమనే గాలి, ఒక్క దారినే పోతే అది పలికే గాలి. సీసా పెద్దదైతే లావుగా పలుకుతుంది. బెజ్జంలో దూర్చే గొట్టం పొడుగైనా అంతే. గొట్టాన్ని కొంచెం కొంచెం కోస్తూ, పెడుతూ, తీస్తూ, వారం రోజులు ఇంట్లో కూర మాడని పూట లేదు.

అన్నీ కుదిరాక చేశాను అసలైన తప్పు. నేను ఫోనులో చూసి నేర్చుకున్న వీడియోలో అతను చివర్లో చెప్పాడు, పెట్టె లోపల కొంచెం దూది పెట్టాలని. దూది! ఆ మాట వినగానే నా చేతులు నన్ను అడగలేదు. మేము దూదేకులవాళ్ళం, తరాలుగా ఒక సంచీ, దాని నిండా దూది, ఇదే మా బతుకు. ముందు మూలలు నింపాను. పుల్లతో కుక్కాను. మధ్యలో పోగేసి అరచేత్తో అదిమాను, గుంట పడకుండా, రేపు ఎవరూ వంక పెట్టకుండా. గొట్టం దాకా నింపి మూత బిగించి చూసుకుంటే ఎంత ముద్దొచ్చిందో. తీరా పాట పెడితే పిల్లి గురకంత కూడా లేదు. గాలికి ఊగే చోటే లేదు కదా. పర్వేజ్ పెట్టె మీద చెవి పెట్టి విని, "బాక్సు చేస్తనంటివి, దిండు చేసినవ్" అన్నాడు. నేను సిగ్గుతో మూత విప్పి దూది లాగుతుంటే, లాగినకొద్దీ వస్తుంటే, గదంతా తెల్లగా అయిపోయింది. అప్పుడు గుమ్మంలో నాయన. దూది కుప్పను చూశాడు, స్పీకరు చూశాడు, ముక్కుకు అంటిన దూదితో నన్ను చూశాడు. నోరంతా తెరిచి నవ్వాడు, కళ్ళలో నీళ్ళు వచ్చేలా, పొట్ట ఎగిరేలా, కానీ చప్పుడు లేకుండా. నవ్వును కూడా మింగడం నేర్చుకున్నాడు. ఆ నవ్వు చూసి నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. తర్వాత వచ్చి గోడలకు ఒక్క పొర దూది పరిచి మళ్ళీ మూత బిగించాను.

ఇదిగో ఈ బాక్సు, ఇదిగో నేను. ఇంతకీ దీనితో ఏం వినిపిస్తాను నాయనకు? ఇన్నాళ్ళూ చేయడం గురించే ఆలోచించాను. ఏ పాటలో లావు చప్పుడు ఎక్కువ ఉంటే ఆ పాట. పాట విని ఏం చేస్తాడు? తల ఊపుతాడు, ఆ తర్వాత? నిజం చెప్పాలంటే నాకు పాట అక్కర్లేదు. ఆయన ఒక్క మాట కావాలి. ఏందీ గోల అని తిట్టినా చాలు, నా వంటకు వంక పెట్టినా చాలు. ఏదో ఒక చప్పుడు ఈ ఇంట్లోనే ఆయనకు అందితే బోనకల్ పోకుండా ఉంటాడని, ఉంటే ఎప్పుడో ఒకప్పుడు నోరు తెరుస్తాడని నా ఆశ. ఆశ అనాలా, పిచ్చి అనాలా. పర్వేజ్ అన్నాడు కూడా, "మామ పోవాలనుకుంటే పోనియ్యి సైమా, గాడ సంతోషంగ ఉంటడేమో" అని. అదే కదా నా భయం. వానయితే వెలిసింది. రోడ్డు మీద ఆటోలు కదులుతున్నాయి. నాయన లేచి సంచీ తాళ్ళు బిగిస్తున్నాడు. ఫ్రిజ్ మాత్రం ఇంకా నోరు మూసుకునే ఉంది.

మూలిగింది! ఫ్రిజ్ మూలిగింది, ఫ్యాను కదిలింది, బాక్సు లోపలి నుంచి ఒక్క 'ఢబ్', గొడుగు గుడ్డ అంచు ఉలిక్కిపడింది. నేను ఫోను అందుకున్నాను, పాట పెడదామని. ఫోను చచ్చి ఉంది. చీకటి గదిలో దాని లైటు వేసుకునే కదా ఇంతసేపూ వైర్లు చూసుకున్నాను. ఛార్జింగుకు పెట్టి అది తెరుచుకునేలోపు బస్సు వెళ్ళిపోతుంది. ఏం చేయాలి, ఏముంది ఇంట్లో చప్పుడు చేసేది? పర్వేజ్ ఆటోలో పరుపులు, దిండ్లు అని అరిచే మైకు. పరుగెత్తి తెచ్చాను, బోర్డుకు మైకు బెజ్జం ఉంది, దూర్చాను. ఒక్కసారిగా బాక్సు కడుపులోంచి హూం అని అందుకుంది, వాల్యూం తగ్గిస్తే ఊరుకుంది. వెళ్ళి నాయన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను, చెప్పులతోనే. ఆయన అరచేయి తీసి బాక్సు మీద పెట్టాను. మైకు నోటి దగ్గర పెట్టుకుని, "నాయనా" అన్నాను. ఏమీ లేదు. "నాయనా, నేను, సైమాను." బాక్సు కదల్లేదు, ఎక్కడో లోపల ఏదో నలిగినట్టయింది, అంతే. నాయన నా ముఖం చూసి మర్యాదగా తల ఊపాడు, బాగుంది అన్నట్టు. అప్పుడు తెలిసింది నాకు. నా గొంతు సన్నం. లావు చప్పుడు మాత్రమే పలికేలా గొట్టం కోసి, పెట్టె బిగించి, పైచప్పుళ్ళన్నీ ఆపే ముక్క బోర్డులో పెట్టి, నా గొంతు దూరని పెట్టెను నా చేతులతో నేనే చేసుకున్నాను. గూడ్సుబండి వస్తుంది ఆయన దగ్గరికి, నేను వెళ్ళలేను. ఎంత తెలివైనదానివే సైమా అనుకున్నాను, నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, మైకు పట్టుకున్న చెయ్యి దానంతటదే కిందికి జారింది.

నాయన నా తల మీద చెయ్యి పెట్టాడు. రెండో చెయ్యి ఇంకా బాక్సు మీదే ఉంది. వంగి నా ముఖంలోకి చూస్తూ, ఇంతసేపటి తడిగాలికేమో, దగ్గాడు.

బాక్సు దగ్గింది.

నాయన చెయ్యి చటుక్కున తీశాడు. బాక్సును చూశాడు, వెనక్కి తిరిగి గుమ్మం చూశాడు. గుమ్మంలో ఎవరూ లేరు. నేను మైకు కదల్చలేదు. మెల్లగా చెయ్యి మళ్ళీ పెట్టి, ఈసారి కావాలని దగ్గాడు. నేల నుంచి నా మోకాళ్ళ దాకా వచ్చింది ఆ దగ్గు. ఆయన తల పక్కకు వంగింది, చేతిలో ముద్ద పట్టుకుని ఆగిపోయిన రోజులాగే.

"ఎవరది?" అన్నాడు.

ఎవరది అంది బాక్సు, లావుగా, కిందనుంచి. బొంగురుపోయి, వాడక తుప్పు పట్టిన గొంతు. నా గొంతు పోలేని దారిలో ఆయన గొంతు గూడ్సుబండిలా వెళ్ళిపోయింది. నేను వేలితో ఆయన ఛాతీ చూపించాను. ఆయన నమ్మలేదు. నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు. కొంచెం గట్టిగా, "నేనా?" అన్నాడు, విన్నాడు. బాగా తగ్గించి, "నేనా?" అన్నాడు, విన్నాడు. పెంచితే పెరుగుతోంది, తగ్గిస్తే తగ్గుతోంది. మళ్ళీ తగ్గించాడు, ఇంకా తగ్గించాడు, వైరాలో అనుకున్నంత గుసగుస, నిజం గుసగుస, బాక్సు మీది చేతికి మాత్రమే తెలిసేంత. "నేనే" అన్నాడు.

రోడ్డు మీద హారన్ మోగింది. పర్వేజ్ గుమ్మంలోకి ఉరికి వచ్చి సంచీ అందుకున్నాడు. "బస్సొచ్చింది మామా! ఆపిన, నడువు, నడువు!" నాయనకు ఆ మాటలు వినపడలేదు, పర్వేజ్ చెయ్యి రోడ్డు వైపు ఊగడం మాత్రం చూశాడు. మైకు నోటికి ఇంకొంచెం దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఆగుమను," అన్నాడు. "మాట్లాడుతున్న."